వచ్చే యుగపు కత్తికి పిడి ఎక్కడ?

కత్తులు చేస్తానని చెప్పగానే ఢిల్లీలో జనం మొదట నా వేళ్లకేసి చూసేవారు. పదీ ఉన్నాయని తేల్చుకున్నాక "ఏం కత్తులు?" అని అడిగేవారు. "ఇంకా రాని కాలం కత్తులండీ, సినిమాల్లో వాడతారు" అనేవాణ్ణి. ఆ తర్వాత మాట సాధారణంగా ఎండల మీదికి మళ్లేది.

ఇప్పుడు సినిమాలకు ఆయుధాలు, పరికరాలు చేసే పనిలోకి మన పిల్లలు చాలామంది వస్తున్నారు. కంప్యూటర్లో బొమ్మ గీసి, అటూ ఇటూ తిప్పి, "ఎలా ఉంది అంకుల్?" అని నాకు పంపుతుంటారు. బొమ్మ ఎప్పుడూ బాగానే ఉంటుంది. నేను అడిగేది ఒక్కటే: దీన్ని ఎక్కడ పట్టుకోవాలి? ఆ ప్రశ్న వేశాక కొందరు మళ్లీ ఫోన్ ఎత్తరు. ముఖ్యంగా వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఏయే సినిమాలకు పని చేశానో, ఏ బిరుదులిచ్చారో వదిలేస్తాను. ఈ పని అసలు ఏమిటో మాత్రం చెబుతాను.

గులాటీ సాబ్ పద్ధతి

మాది తెనాలి. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ఫరీదాబాద్‌లో చేతి పనిముట్లు తయారుచేసే కార్ఖానాలో చేరాను. మా ఆవిడ సుభద్రకు కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం, సరోజినీ నగర్‌లో ఆవిడ పేరు మీద క్వార్టరు. కాలనీలో నా పేరు ఎవరికీ తెలియదు. మేడమ్ గారి హస్బెండ్ అనేవారు. అదీ గౌరవంగానే అనేవారు లెండి.

కార్ఖానాలో డిజైన్ విభాగానికి గులాటీ సాబ్ పెద్ద. పొట్టి మనిషి, గొంతు మాత్రం షెడ్డు అవతలికి వినిపించేది. ఆయనకో పద్ధతి ఉండేది. ఎవడు పనిముట్టు గీస్తే వాడే దాన్ని పట్టుకుని ఒక పూటంతా యంత్రాల షెడ్డులో పని చేయాలి. నేను గీసిన మొదటి డ్రిల్లు పిడి చూడ్డానికి ముచ్చటగా ఉండేది. దానికి అంచులు తీర్చి, గీతలు చెక్కి, నగలా చేశాను. సాయంత్రానికి ఆ గీతలన్నీ నా అరచేతిలో దిగాయి. ఆ రాత్రి అన్నం కలుపుకోలేక కూర్చుంటే సుభద్ర ఏమీ అడక్కుండా చెంచా తెచ్చి పెట్టింది.

"డ్రాయింగ్ కో పసీనా నహీ ఆతా, మూర్తీ" అన్నాడు మర్నాడు గులాటీ సాబ్. బొమ్మకు చెమట పట్టదు, చేతికి పడుతుంది, చెమట పట్టిన చేతిలో ఏది జారుతుందో ఏది గుచ్చుతుందో అది కాగితం చెప్పదు అని ఆయన భావం. తిట్లు కూడా కలిపే చెప్పాడు, అవి ఇక్కడ అనవసరం.

తర్వాత ఆ విభాగం మూతపడింది. తెలిసినవాళ్లు నోయిడాలో ఏదో సీరియల్‌కు రాకెట్ తలుపు గొళ్లెం చేసిపెట్టమన్నారు. గొళ్లెం నుంచి తుపాకీకి, తుపాకీ నుంచి కత్తికి వచ్చాను. ఫరీదాబాద్‌లోనే చిన్న షెడ్డు తీసుకున్నాను. గులాటీ సాబ్ పద్ధతిని మాత్రం వదలలేదు. నా షెడ్డులో కత్తి గీసినవాడే దాని చెక్క నమూనాను ఒక రోజంతా మోయాలి. మెట్లెక్కాలి, బండెక్కాలి, భోంచేయాలి. కింద పెట్టకూడదు.

సొంతదారుణ్ణి చంపే కత్తులు

వైజ్ఞానిక కల్పన సినిమాల్లో కత్తుల గురించి నా అభిప్రాయం దాచుకోను. వాటిలో సగం శత్రువు కంటే ముందు సొంతదారుణ్ణే చంపుతాయి.

వీపు మీద ఒర తీసుకోండి. తెర మీద వీరుడు భుజం మీదుగా చెయ్యి పెట్టి నిలువెత్తు కత్తిని సర్రున దూస్తాడు. నమ్మకం లేకపోతే ఒక గొట్టంలో చీపురుకట్ట పెట్టి వీపుకు కట్టుకుని లాగి చూడండి. చెయ్యి పూర్తిగా చాపాక కూడా చీపురు సగం గొట్టంలోనే ఉంటుంది. ఎవరో వెనక నిలబడి సాయం పట్టాలి. పోనీ దూశాడే అనుకుందాం, మళ్లీ ఒరలో పెట్టడం ఎలా? అది ఏ సినిమాలోనూ చూపించరు. అందుకే వీరులంతా చివర్లో కత్తిని గాల్లోకి విసిరేస్తారు.

బరువు తగ్గుతుందని కత్తికి బారుగా చిల్లులు పెడతారు. తపాలా బిళ్ల చిల్లుల దగ్గర ఎంత శుభ్రంగా చిరుగుతుందో ఈ కత్తీ అక్కడే అంత శుభ్రంగా విరుగుతుంది. ఇక వెలుగుతో చేసిన కత్తి. వెలుగుకు బరువుండదు. బరువు లేని కత్తి కొస ఎక్కడుందో చేతికి తెలియదు. చీకట్లో కూడా గరిటె కొస మనకు తెలుస్తుందంటే దానికి బరువుండబట్టే. పైగా వెలుగు కత్తికి పదును లేని వైపంటూ ఉండదు. అలిసిపోయి భుజాన వేసుకుంటే భుజం పోతుంది. పిడి దగ్గర మణికట్టు వైపు తిరిగిన ముళ్లు పెట్టేవాళ్లు మరో రకం. మణికట్టు తిప్పకుండా యుద్ధం చేసే గ్రహం ఎక్కడైనా ఉంటే చెప్పండి, నా మాట వెనక్కి తీసుకుంటాను.

అయినా ఈ కత్తులంటే నాకు ప్రేమే. రాజుల కాలం కత్తి చేసేవాడు మ్యూజియంలో బొమ్మ చూపించి తప్పించుకోవచ్చు. రాబోయే కాలం కత్తికి ఏ మ్యూజియమూ లేదు. దానికి ఒకే ఒక్క ప్రమాణం మనిషి చెయ్యి. ఏ గ్రహం మీదైనా మోచెయ్యి ఒక వైపే మడుస్తుంది.

విక్కీ సార్ నాలుగు మొనలు

రెండు వేల దశకంలో విక్కీ సార్ అనే దర్శకుడు నా షెడ్డుకు వచ్చాడు. అంతకు ముందు షాంపూ, బిస్కట్ ప్రకటనలు తీసేవాడు. ఇప్పుడు నీళ్లు లేని గ్రహం మీద తిరుగుబాటు చేసే అమ్మాయి కథ తీస్తున్నానన్నాడు. ఫరీదాబాద్ అవతల మూతపడ్డ రాతి గనుల్లో షూటింగ్. అక్కడ నిజంగానే నీళ్లుండవు కాబట్టి సెట్టు ఖర్చు లేదు.

కత్తి బొమ్మ ఆయనే గీసుకొచ్చాడు. నడుమ ఒక పొడుగు మొన, దాన్నిండా నీలం వెలుగు. దానికి అటొక కొమ్ము, ఇటొక కొమ్ము, రెండూ వెనక్కి వంగి పట్టుకున్నవాడి మణికట్టుకేసి చూస్తుంటాయి. పిడి అడుగున తోకలా ఇంకో మొన. బ్యాటరీ పెట్టే చోటు కత్తి కొసన. వెలుగు అక్కడుంది గనుక బ్యాటరీ అక్కడే ఉండాలట. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. విక్కీ సార్ ఒకే కత్తికి ఇన్ని మొనలు పెట్టి ఒర కూడా అడిగాడు.

ఆయన వెంట కథానాయిక వచ్చింది. పేరు కీర్తన. విజయనగరం పిల్ల. ముఖర్జీ నగర్‌లో సివిల్స్ కోచింగ్ తీసుకుంటూ, ఢిల్లీ తెలుగువాళ్ల ఉగాది సభలో కర్రసాము చేస్తే విక్కీ సార్ మనుషులెవరో చూసి పట్టుకొచ్చారు. వాళ్ల నాన్న ఊళ్లో పిల్లలకు కర్రసాము నేర్పుతాడు. ఆఖరి యుద్ధమంతా తనే చేస్తుందన్న మాట మీదే ఈ అమ్మాయి సినిమాకు ఒప్పుకుంది, తండ్రి పంపించాడు.

బొమ్మ చూసి ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"ఏటంకుల్ ఇది? దీన్ని తిప్పితే ముందు నేనే పోతాను కదేటి."

"అదే నా బాధ కూడా" అన్నాను.

విక్కీ సార్‌కు తెలుగు రాకపోయినా మా మొహాలు అర్థమయ్యాయి. "మూర్తీజీ, లుక్ నహీ బద్లేగా, రూపు మారదు. అమ్మాయి తిప్పలేకపోతే ముంబై నుంచి స్టంట్ ఫైటర్ జగ్గీ భాయ్‌ని రప్పిస్తా. విగ్గు పెట్టి అతనితో ఫైట్ చేయిస్తా. దగ్గర షాట్లలో ఈమె ఫేస్ చాలు" అన్నాడు, సగం హిందీలో, సగం ఇంగ్లీషులో.

ఆయన వెళ్లాక కీర్తన బొమ్మను మడిచి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, "మొహం కోసమైతే కోచింగ్ మానుకుని వద్దును కాదంకుల్. ఎవరి సాముకో నా మొహం అతికిస్తే మా నాన్నకి తెలిసిపోద్ది. ఇంటికి ఏ మొహం పెట్టుకుని ఎల్తాను?" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. కత్తి గీయడం తెలియని మనిషి మొండితనానికి ఒక పిల్ల ఒళ్లు వంచి నేర్చుకున్న విద్య పోకూడదనుకున్నాను.

ఢిల్లీ వీధుల్లో వచ్చే యుగం

నా షెడ్డు పద్ధతి చెబితే విక్కీ సార్ ఉత్సాహంగా ఒప్పుకున్నాడు. ప్లైవుడ్డుతో నమూనా కోసి వెండి రంగు వేసిచ్చాను. ఒక రోజంతా మోస్తే ఆయనే దారికి వస్తాడని నా ధీమా. పొద్దున్నే సాక్షిగా నేనూ ఢిల్లీలో ఆయన ఇంటి నుంచే ఆయన వెంట బయల్దేరాను.

కారులో నిలువుగా పెడితే తోక ఆయన తొడలో గుచ్చుకుంది, అడ్డంగా పెడితే తలుపు పడలేదు. డ్రైవరు సీటు కవర్ల మీద దిగులుతో ఇంజను ఆపేశాడు. సరేనని మెట్రోకు నడిచాం. తనిఖీ దగ్గర జవాను కత్తిని కింది నుంచి మీదికి ఓపికగా చూశాడు.

"యే క్యా హై?"

"తల్వార్. ప్లైవుడ్ కీ" అన్నాడు విక్కీ సార్.

"కిస్ జమానే కీ?" ఏ కాలందని అడిగాడు జవాను.

"ఆనే వాలే జమానే కీ. ఫ్యూచర్ కీ."

"తో ఫ్యూచర్ మే లే జానా, ఆజ్ నహీ" అని, అంటే ఆ కాలంలోనే తీసుకెళ్లు ఇవాళ కాదని, ఆ జవాను మమ్మల్ని పక్కన నిలబెట్టి వెనకవాణ్ణి పిలిచాడు.

చివరికి బస్సెక్కాం. ఢిల్లీ బస్సులో కాలు మోపడానికి చోటుండదు. ఆ రోజు మాత్రం విక్కీ సార్ చుట్టూ మంచం వేసుకునేంత ఖాళీ. కండక్టరు టికెట్టు డబ్బులు కూడా చెయ్యి చాపి దూరం నుంచే తీసుకున్నాడు. సరోజినీ నగర్ బజారులో దిగి మా ఇంటికేసి నడుస్తుంటే వేలాడదీసిన కుర్తాలను ఒక కొమ్ము పట్టుకుంది. విక్కీ సార్ గమనించకుండా గుత్తినంతా లాక్కుంటూ పోయాడు. దుకాణదారు వెనక పరిగెత్తుకొచ్చి, "భాయీసాబ్, ట్రయల్ నహీ హై" అని కుర్తాలు విడిపించుకున్నాడు. పిల్లలు ఊరేగింపులా వెంటపడ్డారు.

మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. కింద పెట్టకూడదన్న నియమం ప్రకారం ఆయన ఎడమ చేత్తో కత్తి పట్టుకుని కుడిచేత్తో పప్పన్నం తింటున్నాడు. సుభద్ర కొంతసేపు ఓర్చుకుంది.

"ఏమండీ, ఆయన్ని కాస్త అటు తిరిగి తినమనండి. ఆ కొమ్ము ఇందాకట్నుంచీ నా పులుసు గిన్నెలో మునుగుతోంది."

సాయంత్రానికి ఆయన మోచెయ్యి వాచింది, లాల్చీ చిరిగింది. ఇక లొంగిపోతాడనుకున్నాను. ఆయన కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

"దేఖా మూర్తీజీ? ఢిల్లీ అంతా దాన్నే చూసింది. మీ తిన్నని కత్తులకేసి ఇలా ఎవరైనా చూశారా? ఒక్క గీత కూడా మారదు."

ఆ సాయంత్రమే జగ్గీ భాయ్‌కి కబురు పంపాడు.

గులాటీ సాబ్ పద్ధతి పనివాళ్ల మీద పనిచేస్తుంది, దర్శకుల మీద కాదు. పనివాడికి నొప్పి తప్పును చూపిస్తుంది. దర్శకుడు నొప్పిని కూడా కళ అనుకుంటాడు. పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి.

లోపలి కర్ర

మర్నాడు కీర్తన షెడ్డుకు వచ్చింది. ప్లైవుడ్డు కత్తిని నేల మీద పడుకోబెట్టి చుట్టూ తిరిగింది. తర్వాత కొమ్ములకు పైన ఒక చెయ్యి, తోక దగ్గర ఒక చెయ్యి వేసి మెల్లగా ఎత్తింది.

"అంకుల్, దీన్ని కత్తని ఆయనంటన్నాడు, మీరూ అంటన్నారు. అందుకే పిడికోసం ఎతుకుతన్నారు. కర్రకి పిడేటి? ఎక్కడ పట్టుకుంటే అదే పిడి."

నేను ఇన్నాళ్లూ ఆ బొమ్మను మార్చాలని చూశాను. పట్టును మార్చాలని తోచలేదు. ఇద్దరం కూర్చుని ఆకారం మీద ఒక్క గీత ముట్టుకోకుండా లోపలంతా మార్చేశాం. నడుమ మొన వెన్నెముకగా గట్టి పేము కర్ర వేశాను. ఫరీదాబాద్‌లో పేము కుర్చీలు చేసే దుకాణంలో దొరికింది. చుట్టూ పగలని ప్లాస్టిక్ గొట్టం, అందులో నీలం దీపాలు. బ్యాటరీని కొస నుంచి తీసి తోకలో పెట్టాను. అక్కడ అది బరువై కూర్చుంటే కొస తేలిక పడింది. కొమ్ముల చివర్లు మెత్తటి రబ్బరు. కొమ్ముల పైన, చేతులు వేసే చోట, వెండి రంగు కింద గరుకు తోలు చుట్టాను. కెమెరాకు కనిపించదు, చేతికి తెలుస్తుంది.

కీర్తన షెడ్డు బయట దాన్ని తిప్పి చూసింది. గాలి కోస్తున్న చప్పుడు వింటే నా ఒళ్లు పులకరించింది. కత్తి సిద్ధం. విక్కీ సార్ మాత్రం, "బాగుంది, జగ్గీ భాయ్ దీంతో అదరగొడతాడు" అన్నాడు.

జగ్గీ భాయ్ విగ్గు

షూటింగ్ దసరా రోజుల్లో పడింది. మన అలవాటు కొద్దీ పొద్దున్నే కత్తికి ఆయుధపూజ చేసి పసుపు, కుంకుమ పెట్టాను. తుడవడం మరిచిపోయాను. కెమెరా పెట్టాక నీళ్లు లేని గ్రహపు కత్తి నుదుట బొట్టుతో ముత్తైదువలా మెరిసింది. విక్కీ సార్ చూసి, "యే లాల్ క్యా హై?" అన్నాడు. "శత్రువు రక్తం, సార్" అన్నాను. ఆయనకు ఎంత నచ్చిందంటే అన్ని షాట్లలోనూ ఉండాలని సుభద్ర కుంకుమభరిణె తెప్పించుకున్నాడు.

జగ్గీ భాయ్ వచ్చాడు. ఆజానుబాహుడు, మంచి మనిషి. కీర్తన వేసుకున్న బట్టలే అతనికీ వేశారు, పొడుగు జడ విగ్గు పెట్టారు. కీర్తన అవే బట్టల్లో ఒక రాతి పక్కన నిలబడి ఉంది. ఎవరూ ఆ పిల్ల వైపు చూడలేదు. నేనూ చూడలేకపోయాను.

ఎక్కడ పట్టుకోవాలో నేను జగ్గీ భాయ్‌కి చెప్పబోయాను. "తల్వార్ హై సార్, బచ్‌పన్ సే పకడ్ రహా హూ" అని, చిన్నప్పటి నుంచీ కత్తి పట్టినవాణ్ణేనని నవ్వి కింది పిడే పట్టుకున్నాడు. యాక్షన్ అనగానే కత్తిని తల చుట్టూ గిర్రున తిప్పాడు. కొమ్ము జడలో పడింది. విగ్గు లేచి కత్తికి వేలాడింది. ఆ సంగతి అతనికి తెలియదు. బట్టతలతో, కత్తికి జడ ఊగుతుండగా, అలాగే భీకరంగా పోరాడుతూ వెళ్లాడు. కథలో రాజు సైనికులుగా వేసినవాళ్లు దెబ్బ తగలకుండానే నేల మీద పడి దొర్లారు. నవ్వలేక చచ్చారు పాపం.

రెండోసారి విగ్గును గడ్డం కిందికి తాడుతో కట్టారు. ఈసారి విగ్గు ఊడలేదు, మనిషే కత్తి వెంట గుండ్రంగా తిరిగి కూలబడ్డాడు. లేచి దుమ్ము దులుపుకుని విక్కీ సార్ దగ్గరికి వచ్చాడు.

"సార్, మేడ మీంచి దూకమంటే దూకుతా. ఇస్‌కో పకడ్‌నా మేరే బస్ కా నహీ." దీన్ని పట్టడం తన వల్ల కాదన్నాడు. తర్వాత రాతి పక్కకు చూపించాడు. "జబ్ సే ఆయా హూ, ఉస్ కే పైర్ చల్ రహే హై. ఉస్ కో దో. కత్తి ఆమెకివ్వండి."

అప్పుడు చూశాం. అతను వచ్చినప్పటి నుంచీ కీర్తన పాదాలు ఊరుకోలేదట. ఉత్త చేతులతో, నిలుచున్న చోటే, అడుగులు వేసుకుంటూనే ఉంది. పొద్దు వాలుతోంది. విక్కీ సార్‌కు ఇంకో దారి లేదు. చేత్తో సైగ చేశాడు.

కీర్తన చెప్పులు విప్పింది. నేల తాకి కళ్లకద్దుకుంది. కొమ్ముల పైన తోలు చుట్టిన చోట ఒక చెయ్యి, తోక మీద ఒక చెయ్యి వేసింది. ఆ తర్వాత నాకు కత్తి కనిపించలేదు. నీలం చక్రమొకటి ఆ పిల్ల చుట్టూ తిరుగుతోంది, అంతే. సైనికులు ఈసారి నిజంగా భయపడి వెనక్కి తగ్గారు. విక్కీ సార్ కట్ చెప్పడం మరిచిపోయాడు. చివరికి కీర్తనే ఆగి, రొప్పుతూ, "అయిపోయింది సార్" అంది తెలుగులో.

తెర మీద

సినిమా అంతగా ఆడలేదు. కథలో చాలా గోతులుండేవి, అవి నా విభాగం కాదు. విడుదలైన వారంలోనే నేనూ సుభద్రా వెళ్లి చూశాం. ఆఖరి యుద్ధం నడుస్తుంటే మా వెనక కుర్చీలో ఒకాయన పక్కవాడితో అన్నాడు.

"తల్వార్ తో బిల్కుల్ నక్లీ హై యార్. లడ్‌కీ అస్లీ హై."

కత్తి ఉత్త బూటకం, పిల్ల మాత్రం నిజం. సుభద్ర గిరుక్కున వెనక్కి తిరగబోయింది. "మీరు చేసిందని చెప్పనా?" అంది. వద్దని చెయ్యి పట్టుకుని ఆపాను. నా కత్తికి అంతకన్నా మంచి మాట ఎవరూ అనలేదు. పిల్లలూ, కత్తి ఎంత బాగుందో అనిపించుకోవడం మీ పని కాదు. దాన్ని పట్టుకున్న మనిషి కనబడాలి. ఈ పని గురించి నాకు తెలిసిందంతా అదే.

ఆ ఆదివారం కీర్తన ఫోన్ చేసింది. వాళ్ల నాన్న విశాఖ దాకా వెళ్లి సినిమా చూసొచ్చాడట.

"ఏమన్నారమ్మా?" అన్నాను.

"భాష అర్థం కాలేదంట. కత్తి అసలు నచ్చలేదంట." అంది. "రెండో తిరుగుడులో ఎడం కాలు ఆలస్యమైందని తిట్టారంకుల్."

అటు వైపు ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో పోల్చుకోలేకపోయాను.

"ఎవరి కాలో కాదంకుల్" అంది. "ఆలస్యమైంది నా కాలే."